రంగు వెలిసిన బూట్లు – మన సిగ్గు



మన వార్షికోత్సవ సంచికలో ప్రతి సంవత్సరం చదువు విలువ మీద, వరకట్నం మీద, అంబేద్కర్ గారి జీవితం మీద వ్యాసాలు వస్తాయి. అవన్నీ అవసరమే. వాటిని నాకంటే బాగా రాసేవాళ్లు ఈ హాస్టల్లో చాలామంది ఉన్నారు. నేను మాత్రం బూట్ల గురించి రాస్తున్నాను. అదీ కొత్త బూట్లు కాదు. రంగు వెలిసిపోయి, ముందు భాగం గీసుకుపోయి, వానకు తెల్లటి చారలు కట్టిన పాత తోలు బూట్లు. పేరు చూసి నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి. సగం చదివేసరికి ఒకసారి మీ మంచం కిందకు వంగి చూస్తారని నా నమ్మకం.

మా రూములో ఎనిమిది మందిమి ఉంటాం. తోలు బూట్లు మాత్రం ఒక్కటే జత. సైజు ఎనిమిది. ఏడు సైజు వాడు ముందు భాగంలో పేపరు కుక్కుకొని వేసుకుంటాడు. తొమ్మిది సైజు వాడు వేళ్లు ముడుచుకొని వేసుకుంటాడు. ఇంటర్వ్యూ ఎవరికి ఉంటే ఆ రోజుకు బూట్లు వాళ్లవి. బెల్టు ఇంకొకరిది, చొక్కా మరొకరిది. ఆ జత ఇప్పటికి పద్నాలుగు ఇంటర్వ్యూలకు వెళ్లింది. ఉద్యోగం బూట్లకే వచ్చి ఉంటే ఈపాటికి ప్రమోషన్ కూడా వచ్చి ఉండేది.

పోయిన ఆగస్టులో మా రూము వాడొకడికి ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. ముందు రోజు రాత్రి బూట్లు చూస్తే ముందు భాగం బూడిద రంగులోకి వచ్చేసి ఉంది. పాలిష్ డబ్బాలో అడుగున ఎండిపోయిన పెచ్చు తప్ప ఏమీ లేదు. ఎవరో సీనియర్ చెప్పాడని, పెనం మసి గీకి కొబ్బరి నూనెలో కలిపి రుద్దాడు. ట్యూబులైటు కింద బ్రహ్మాండంగా కనిపించాయి. తెల్లవారి బస్సు ఎక్కి దిగేసరికి ప్యాంటు అంచులు నల్లబడ్డాయి. దుమ్మంతా నూనెకు పట్టుకుంది. ఆ ఆఫీసులో తెల్ల రాళ్ల నేల అట. నడిచిన చోటల్లా మరక. లోపల కుర్చీలో కూర్చొని పాదాలు వెనక్కి లాక్కోవడంతోనే వాడికి సరిపోయింది. వాళ్లేం అడిగారో, తనేం చెప్పాడో సరిగ్గా గుర్తు కూడా లేదన్నాడు. ఉద్యోగం రాలేదు. బూట్ల వల్లే పోయిందని నేననను, అది ఎవరూ చెప్పలేరు. కానీ మూడు సంవత్సరాలు చదివిన చదువు ఆ ఇరవై నిమిషాలు కుర్చీ కింద దాక్కుంది.

ఇక్కడ నా ప్రశ్న ఒకటే. ఎనిమిది మందిలో కనీసం అయిదుగురం తోలు పని చేసిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లమే. తాతో తండ్రో ఆరె పట్టినవాడే. అలాంటి మాకు ఒక వెలిసిన బూటును బాగు చేసుకోవడం ఎందుకు తెలియలేదు?

తెలియక కాదు. తెలుసుకోవడం ఇష్టం లేక.

ఈ మాట రూములో అంటే నా మిత్రుడు ఒకడు గట్టిగా తిరగబడ్డాడు. "మా నాయన ఎండలో కూర్చొని కుట్టింది నేను మళ్లీ ఆ పెట్టె ముందు కూర్చోకూడదనే. నన్ను హాస్టల్లో వేసింది ఆరె పట్టుకోవడానికా?" అన్నాడు. అతని మాటలో తప్పు లేదు. నేను దానికి వెంటనే జవాబు చెప్పలేకపోయాను. పుట్టుక వల్ల మన మెడకు కట్టిన పనిని వదిలించుకోవడానికే పెద్దలు మనల్ని బడికి పంపారు. చెప్పులు కుట్టినవాళ్లే ఊరి పెద్ద బజారులో చెప్పులు చేత పట్టుకొని నడిచిన కాలం మన తాతలకు కథ కాదు, అనుభవం. ఈ రోజుకీ మనిషిని అవమానించాలంటే చెప్పుల దండ వేస్తారు. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో దాన్ని ప్రత్యేకంగా నేరంగా చేర్చవలసి వచ్చిందంటే ఆలోచించండి. కాబట్టి బూటు అంటే మనకు ఉత్త బూటు కాదు.

మా ఊరి పేటలో అంబేద్కర్ విగ్రహం ఉంది. మీ ఊళ్లో కూడా ఉండే ఉంటుంది. నీలం కోటు, ఎర్ర టై, చేతిలో పుస్తకం, కాళ్లకు నల్ల బూట్లు. ఏప్రిల్ 14కు వారం ముందు విగ్రహానికి రంగులు వేస్తాం. కోటు వేయడానికి, కళ్లు దిద్దడానికి పోటీ పడతారు. చిన్నవాణ్ణని నాకు ఎప్పుడూ బూట్లే ఇచ్చేవాళ్లు. సంవత్సరం ఎండకు ఆ బూట్ల నలుపు పెచ్చులు లేచి అడుగున సిమెంటు కనిపించేది. పాత పెచ్చు గీకకుండా పైన రంగు వేస్తే నెల తిరక్కుండా ఊడిపోయేది. గీకి, తుడిచి, పల్చగా రెండు పూతలు వేస్తే మరుసటి ఏడు దాకా నిలిచేది. బూటు బాగు చేయడంలో నా మొదటి పాఠం అదే. ఆ పని చేస్తున్నప్పుడు నాకు సిగ్గు అనిపించలేదు. మరి హాస్టల్లో ఎందుకు అనిపించింది?

మనమందరం ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం కదా, ఇక్కడ సిగ్గెందుకని బయటివాళ్లు అడగవచ్చు. నిజం చెప్పాలంటే ఇక్కడే ఎక్కువ. వాళ్ల నాయన కూలి అని చెప్పుకుంటాడు, మేస్త్రీ అని చెప్పుకుంటాడు. చెప్పులు కుడతాడని మాత్రం చెప్పడు. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక పేరు చివర కులం పేరు ధైర్యంగా రాసుకున్నవాళ్లు ఉన్నారు. పేరు రాసుకోగలిగాం గాని, పని చెప్పుకోలేకపోయాం.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. నేను రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఆదివారం మా నాయన నన్ను చూడటానికి వచ్చాడు. ఆయన చీరాలలో రోడ్డు పక్కన వేపచెట్టు కింద కూర్చొని చెప్పులు కుడతాడు. నేను స్నానానికి వెళ్లి ఉన్నాను. వచ్చేసరికి వరండా మెట్ల మీద కూర్చొని, సంచిలోంచి ఆరె, దారం తీసి, అక్కడ విడిచిన బూట్లలో అడుగు ఊడినవాటిని కుడుతున్నాడు. ఎవరూ ఆయన్ని అడగలేదు. ఆయన చేతులు ఊరికే ఉండవు. చుట్టూ నలుగురు పిల్లలు చేరారు. ఒకడు నా దగ్గరకు పరుగెత్తుకుంటూ వచ్చి, "అన్నా, చెప్పులు కుట్టే ఆయన ఎవరో వచ్చాడు, డబ్బులు కూడా వద్దంటున్నాడు, నీవి తెచ్చుకో" అన్నాడు.

నేను తెచ్చుకున్నాను. తీసుకుపోయి ఆయన ముందు పెట్టాను. అంతే. నాయన అని పిలవలేదు.

ఆయన తలెత్తి నన్ను చూశాడు. నా వెనక ఉన్న పిల్లల్ని చూశాడు. బూటు చేతిలోకి తీసుకొని, "ఎక్కడ పోయింది బాబూ?" అని అడిగాడు.

మా నాయన పుట్టినప్పటి నుంచి నన్ను "అబ్బయ్యా" అనే పిలిచాడు. బాబూ అనేది ఆయన గిరాకీలను పిలిచే పిలుపు.

కుట్టడం అయిపోయాక సంచి సర్దుకొని గేటు దాటి వెళ్లాడు. నేను వెనక దారిలో పోయి బస్టాండులో కలిశాను. రెండు వందలు చేతిలో పెట్టి, అన్నం సరిగ్గా పెడుతున్నారా అని అడిగి బస్సు ఎక్కాడు. ఆ సంగతి ఆయన ఈ రోజు వరకు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆ వచ్చినాయన మా నాయన అనే మాట ఈ హాస్టల్లో నేను చెప్పడం ఇదే మొదటిసారి.

ఆ వేసవి సెలవుల్లో వేపచెట్టు కింద ఆయన పక్కన ముప్పై రోజులు కూర్చున్నాను. మొదటి వారం తువ్వాలు తలకు చుట్టుకొని మొహం సగం కప్పుకున్నాను. రెండో వారం ఎండకు ఆ తువ్వాలు ఉక్కపోసి తీసేశాను. ధైర్యం వచ్చి కాదు.

అక్కడ నేర్చుకున్నది చెబుతాను, ఎందుకంటే ఇది అందరికీ పనికివచ్చేది.

ముందు అది తోలా, రెక్సినా చూడాలి. నాయన మాటల్లో చెప్పాలంటే, "తోలు తాగుద్ది, రెక్సిను తాగదు." అంచు దగ్గర చూస్తే రెక్సినుకు అడుగున బట్ట కనిపిస్తుంది, పైపొర పొట్టులాగా లేస్తుంది. పొట్టు లేచిన రెక్సినుకు ఏ రంగు వేసినా దండగ. దాని మీద డబ్బులు పెట్టకండి. తోలయితే ఎంత వెలిసినా ఆశ ఉంది.

వెలవడం అన్నీ ఒక్క రకం కాదు. మనం అన్నిటికీ పాలిష్ ఒక్కటే మందు అనుకుంటాం, అక్కడే పొరపాటు. ఎండలో పెట్టినది మొత్తంగా వెలుస్తుంది. ముందు భాగం తగిలి గీసుకుపోయినది, పైన వేసిన రంగు పూత పోయి లోపలి తోలు బయటపడినది. క్రోమియం లవణాలతో ఊనిన తోలు లోపల నీలి బూడిద రంగులో ఉంటుంది, అందుకే మన నల్ల బూట్లు గీసుకుపోతే అలా కనిపిస్తాయి. వానలో తడిసి ఆరాక వచ్చే తెల్ల చారలు ఉప్పువి. చెమట ఉప్పు, నీటిలోని ఉప్పు తడితో పాటు అంచుకు పాకి, నీరు ఆవిరయ్యాక అక్కడే మిగిలిపోతాయి. ట్రంకు పెట్టెలో వానాకాలమంతా మూసిపెట్టిన బూట్ల మీద తెల్లగా, పచ్చగా లేచేది బూజు. ఇవి కాక మనం చేసుకున్న జబ్బు ఒకటుంది. పాత పాలిష్ తీయకుండా దాని మీదే ఏళ్ల తరబడి పాలిష్ పట్టిస్తే, మైనం పొరలు గట్టిపడి పగిలి, బూటు మసిబారినట్టు ఉంటుంది.

కాబట్టి మొదటి పని కడుగు. లేసులు తీసేయాలి. పొడి బ్రష్‌తో దుమ్ము దులపాలి. ముఖ్యంగా అడుగు, పైతోలు కలిసే సందులో. తరువాత ఒక రూపాయి షాంపూ ప్యాకెట్‌లో నాలుగు చుక్కలు నీళ్లలో కలిపి, బట్ట ముంచి గట్టిగా పిండి, ఆ బట్టతో తుడవాలి. బూటును నీళ్లలో ముంచకూడదు. తెల్ల చారలుంటే తెల్ల వెనిగర్, నీళ్లు సమంగా కలిపి తుడవాలి, ఆరాక చార మళ్లీ తేలితే మళ్లీ తుడవాలి. పాత పాలిష్ మందంగా ఉంటే బట్టకు కాస్త టర్పెంటైన్ అద్ది తుడిస్తే కరిగి వస్తుంది. ఇది ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయవలసిన పని. ఆ తరువాత లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఒక రాత్రి వదలాలి. మన వాళ్లు తడి బూట్లను వంటశాల పొయ్యి పక్కన పెడతారు. వేడికి తోలు బిగుసుకొని పగులుతుంది. ఒకసారి పగిలిన తోలును మా నాయన కూడా ఏమీ చేయలేడు.

ఆరాక అప్పుడు రంగు సంగతి. కొద్దిగా వెలిస్తే రంగున్న షూ క్రీము చాలు. క్రీములో నూనె, మైనం, రంగు మూడూ ఉంటాయి, తోలుకు కాస్త మెత్తదనం కూడా వస్తుంది. వేలికి బట్ట చుట్టి, పల్చగా గుండ్రంగా రుద్ది, పది నిమిషాలు ఆగి బ్రష్ కొట్టాలి. డబ్బాలో దొరికే గట్టి పాలిష్ అసలు పని మెరుపు, నీటి నుంచి కాపుదల. దానిలో రంగు ఉంటుంది గాని, పోయిన రంగును తిరిగి తెచ్చేంత ఉండదు. స్పాంజి పెట్టిన సీసాలో వచ్చే ద్రవం పాలిష్ పరీక్షకు పరుగెత్తేవాడికి పనికొస్తుంది. రోజూ వాడితే పైన పొరలా కట్టి పగుళ్లు తేలుతుంది.

పూర్తిగా వెలిసినదానికి తోలు రంగు వేయాలి. చెప్పుల సామాను అమ్మే కొట్లలో చిన్న సీసాల్లో దొరుకుతుంది. పైన మిగిలిన పూతను థిన్నర్ తడిపిన బట్టతో తేలిగ్గా తీసేయాలి, లేకపోతే రంగు లోపలికి దిగదు. ముందుగా లేసుల కింద నాలుక భాగంలో కనిపించని చోట వేసి చూడాలి. తరువాత స్పాంజి ముక్కతో పల్చగా ఒక పూత, ఆరాక ఇంకొకటి, అవసరమైతే మూడోది. ఒకేసారి మందంగా పూస్తే మరకలు మరకలుగా ఆరుతుంది. లేతదాన్ని ముదురు చేయవచ్చు గాని ముదురుదాన్ని లేత చేయలేం. గోధుమ రంగు బూటు నల్లగా మారుతుంది, నల్లది గోధుమ రంగుకు రాదు. ఆరాక పొడి బట్టతో రుద్ది, బట్టకు రంగు అంటడం ఆగాకే క్రీము, ఆ తరువాతే పాలిష్. మా రూము వాడి ప్యాంటు అంచుకు పట్టిన గతి మీకు పట్టకూడదంటే ఈ రుద్దడం మానకండి.

నూనె గురించి ఒక మాట. మన ఇళ్లలో కిర్రు చెప్పులకు ఆముదం పట్టించేవాళ్లు. అది మంచిదే. ఆ తోలు తంగేడు చెక్కతో లందలో ఊనిన మందపాటి తోలు, దాని మీద ఏ పూతా ఉండదు. "కిర్రు చెప్పుకు ఆముదం, బూటుకు కాదు" అన్నాడు నాయన. బూటు తోలుకు నూనె పెడితే మచ్చలు పడతాయి, దుమ్ము పడుతుంది, ఆ మీద పాలిష్ నిలవదు.

తంగేడు చెక్క మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. నేను కెమిస్ట్రీ విద్యార్థిని. టానిన్లు చర్మంలోని కొల్లాజెన్ అనే ప్రోటీనుతో బంధం ఏర్పరచి కుళ్లకుండా చేస్తాయని పుస్తకంలో చదివాను. క్రోమియంతో ఊనే పద్ధతికి అమెరికాలో 1884లో పేటెంటు ఇచ్చారు. మన తాతలు పచ్చి చర్మానికి ఉప్పు పట్టించి, సున్నపు నీటిలో నానబెట్టి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లలో వారాల తరబడి ఊనేటప్పుడు చేసింది కూడా కెమిస్ట్రీనే. లంద వాసన వేస్తుందని దాన్ని ఊరికి దూరంగా పెట్టారు, దాని దగ్గర పనిచేసినవాళ్లను అంతకంటే దూరంగా పెట్టారు. అదే పనిని చెన్నై అడయారులో 1948లో స్థాపించిన కేంద్ర తోలు పరిశోధన సంస్థలో చేస్తే శాస్త్రవేత్త అంటారు. 1986లో మొదలైన ఫుట్‌వేర్ డిజైన్ అండ్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్‌కు హైదరాబాదులో కూడా క్యాంపస్ ఉంది. బూటు ఎలా ఉండాలో గీసేవాళ్లను అక్కడ తయారు చేస్తారు. ఇంటర్, డిగ్రీ అయ్యాక ఏం చేయాలో తోచని తమ్ముళ్లు ఒకసారి వాటి వివరాలు కనుక్కోండి.

ఇంకొక సంగతి. దక్షిణాఫ్రికాలో గాంధీగారు చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు. జైల్లో కుట్టిన ఒక జతను 1914లో తనను జైల్లో పెట్టించిన జనరల్ స్మట్స్‌కు కానుకగా ఇచ్చారు. స్మట్స్ వాటిని ఎన్నో వేసవులు వాడి, 1939లో గాంధీగారి డెబ్బయ్యో పుట్టినరోజు సందర్భంగా తిరిగి పంపారు. ఆ జత చరిత్రలోకి ఎక్కింది. నాకు గాంధీగారి మీద కోపం లేదు. ఆయన ఇష్టపడి నేర్చుకున్నారు, ఇష్టమైనప్పుడు మానేశారు. మా నాయనకు ఆ రెండూ లేవు. తేడా తోలులో లేదు, ఆరెలో లేదు, ఇష్టం ఉండటంలో ఉంది. జాషువా గారు 1941లో గబ్బిలం రాసినప్పుడు చెప్పులు కుట్టి బతికే మనిషినే కథానాయకుణ్ణి చేశారు. ఆ పద్యాలు మనం పోటీల్లో రాగం తీసి పాడి బహుమతులు తెచ్చుకుంటాం. ఆ మనిషే వరండా మెట్ల మీద వచ్చి కూర్చుంటే నేను గుర్తుపట్టనట్టు నటించాను.

కాబట్టి నా మిత్రుడికి నేను ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది. నువ్వు మళ్లీ ఆ పెట్టె ముందు కూర్చోవద్దు. ఎవరి బూట్లూ తుడవవద్దు. జూనియర్ల చేత సీనియర్లు బూట్లు తుడిపించుకోవడం మన హాస్టల్లో అక్కడక్కడా ఉంది, అది ఇంకా నీచం, దాన్ని ఈ సంవత్సరమే ఆపాలి. కానీ నీ బూటు నువ్వు బాగు చేసుకోవడం, మీ నాయనకు తెలిసినది నీకూ తెలియడం కులవృత్తి కాదు. వదిలేయవలసింది బలవంతాన్ని. తెలివిని కూడా దానితో పాటు పారేస్తే మనకు మిగిలేది మసి, కొబ్బరి నూనె.

వార్డెన్ గారికి ఒక మనవి. మెస్ కమిటీ ఉన్నట్టే, ఒక చిన్న పెట్టె ఉమ్మడిగా ఉండాలి. రెండు బ్రష్‌లు, నలుపు, గోధుమ రంగు క్రీములు, ఒక రంగు సీసా, దారం, సూదులు చాలు. థిన్నర్, టర్పెంటైన్ మాత్రం తాళం వేసిన చోట, స్కూలు పిల్లలకు అందకుండా ఉండాలి. ఇంటర్వ్యూ కాలంలో బూట్ల జతలు కూడా సైజుల వారీగా ఒక నాలుగు ఉంటే పేపరు కుక్కుకునే బాధ తప్పుతుంది. పూర్వ విద్యార్థులు కొత్తవి కొని ఇవ్వనక్కరలేదు. మీరు పారేసే పాతవి పంపండి, తోలువైతే చాలు.

మా రూము ఉమ్మడి జతకు నేనే రంగు వేశాను. మూడు పూతలు పట్టింది. ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగితే యూట్యూబ్‌లో చూశానని చెప్పాను. అది అబద్ధం, పైన రాశాను కదా. ఆ జత నవంబరులో పదిహేనో ఇంటర్వ్యూకు వెళ్లింది. ఫలితం ఇంకా రాలేదు.

వార్షికోత్సవానికి నాయనను రమ్మని ఉత్తరం రాయలేదు, ఫోను చేశాను. గిరాకీ ఉండే రోజు, చూస్తానన్నాడు. వస్తే ముందు వరసలో కూర్చోబెడతాను. మెట్ల మీద కూర్చుంటానంటే మాత్రం నేను ఆపలేను, ఆయన సంచి ఆయన వెంటే వస్తుంది. పెట్టె ప్రస్తుతానికి నా మంచం కింద ఉంది, ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. నలుపు అయిపోయింది. గోధుమ రంగు కొంచెం ఉంది.